నడవని నేలకు తెగిన గీత

పోయిన వారం కడప నుంచి ఒక కార్డు వచ్చింది. పైన త్రిశూలం, కింద ఫోటో, మధ్యలో "శివైక్యం చెందారు" అన్న మాట. కర్మకు సకుటుంబంగా రమ్మని పిలుపు. నేను కర్మకాండలకు వెళ్ళనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అయినా పంపారు. మర్యాదస్తులు.

ఆ ఫోటోలోని మనిషికే ఈ కార్డును అచ్చుకు ముందు చూపించి ఉంటే, "శివైక్యం" అన్న మాట కింద పెన్సిలుతో ముక్కలు ముక్కలుగా ఒక తెగిన గీత గీసి, పక్కన "ఎవరు చూసినారు?" అని రాసేవాడు. రాసి, చేతులు కడుక్కుని, శివపూజకు కూర్చునేవాడు. ఈ రెండు పనులూ ఒకే మనిషి ఎలా చేస్తాడో నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు. నాకు అర్థం కానిదాన్ని ఆయన లోపం కింద జమకట్టుకున్నాను. "కొందరు శాస్త్రజ్ఞులు" అని పేరెత్తకుండా రెండు వ్యాసాల్లో వెక్కిరించాను కూడా. ఆయన ఆ రెండూ చదివాడు. ఒకదాంట్లో అచ్చుతప్పు ఉందని ఉత్తరం రాశాడు.

ఆయన భూగర్భ శాస్త్రజ్ఞుడు. నేను ఆయన పటాలకు సిరా గీతలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని. రియాద్‌లో మా కంపెనీ అప్పట్లో ఉత్తరాదిన మనుషులుండని నేలను పటాలకెక్కించే పని పట్టింది. ఉత్తరం అంటే ముందు నఫూద్, ఎర్ర ఇసుక దిబ్బల సముద్రం. దాన్ని దాటితే హర్రా. ఎప్పుడో పొంగి చల్లారిన లావా నల్లరాళ్ళుగా పగిలి పరుచుకున్న చోటు అది, జీపు టైర్లు రెండు రోజులకు చీలికలవుతాయి. ఇంకోవైపు ఇరాక్ సరిహద్దు దాకా తెల్ల సున్నపురాతి మైదానం. చలికాలం నాలుగు నెలలూ పెద్దాయన అక్కడ నడిచేవాడు. ఎండాకాలం ఆఫీసులో కూర్చుని, నడిచిందంతా గీతలు చేసి నాకిచ్చేవాడు. ఆఫీసులో తెలుగువాళ్ళమందరం ఆయన్ని పెద్దాయన అనే అనేవాళ్ళం.

ఆ గీతల సంగతి కొంచెం చెప్పాలి. ఒక రకం రాయి అయిపోయి ఇంకో రకం మొదలయ్యే చోట పటంలో ఒక గీత పడుతుంది. దాని వెంట కాళ్ళతో నడిచి, కళ్ళతో చూసి ఉంటే నిండు గీత గీయాలి. అక్కడ ఉండొచ్చునని ఊహ మాత్రమే అయితే తెగిన గీత గీయాలి. ఈ నియమం ప్రపంచమంతటా ఉంది. పాటించేవాళ్ళు కొందరున్నారు. పటం బయట కూడా దాన్ని పాటించిన మనిషిని మాత్రం ఒక్కణ్ణే చూశాను.

రియాద్‌లో మనవాళ్ళంతా చేరే బతా బజారులో మెస్సుకు వెళ్తే అక్కడ ప్రతివాడికీ ఒక వార్త తెలిసి ఉంటుంది. ఇకామా పర్మిట్ల రూల్సు మారాయంట, వీసా ఇచ్చిన ఫలానా కఫీల్ తన మనుషులందర్నీ పంపేస్తున్నాడంట. పెద్దాయన పెరుగన్నం కలుపుకుంటూ తలెత్తకుండా ఒక్క మాట అడిగేవాడు.

"నడిచినావా?"

అంటే నువ్వు వెళ్ళి చూశావా అని. చూడలేదంటే, "అట్లయితే తెగిన గీత" అని మళ్ళీ అన్నంలోకి వంగేవాడు. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో ఆ మెస్సులోనే, గొంతు తగ్గించి, మతానికి మూలం భయమేనని అరగంట ఉపన్యసించాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"బాగా చెప్పినావబ్బా. నడిచినావా?"

"ఇందులో నడవడానికేముందండీ? ఇది ఆలోచన."

"మంచిది. తెగిన గీత గీసుకో."

నాకు మండింది. ఎందుకు మండదు? ఈ మాట నాకు చెప్పినవాడు ఎవడు? జీపు ఇంజను ఆడుతూ, సామాను కట్టి, మనుషులు ఎక్కి కూర్చున్నాక, పంచాంగం చూసి రాహుకాలం పోయేదాకా గంటన్నర ఆపినవాడు. ఆకాశంలో రాహువు అనే గ్రహం లేదు. భూమి వయసును కోట్ల ఏళ్ళలో చెప్పేవాడికి ఈ సంగతి నేను చెప్పాలా? చెప్పాను.

"లేదు," అన్నాడు. "ఉండాదని నేనెప్పుడంటి? మాయమ్మకు మాటిచ్చినా, రాహుకాలంలో బయల్దేరనని. ఆమె లేదిప్పుడు. మాట వెనక్కిచ్చేదానికి మనిషి లేదు."

"ఇది హేతువు కాదండీ."

"కాదు," అని ఒప్పుకున్నాడు.

ప్రతివాదిని ఎలా ఓడించాలో మా హేతువాద గురువులు నాకు నేర్పారు. ఒప్పుకునేవాడితో ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు.

ఆయన దేవుడు రాళ్ళ నమూనాల బీరువాలో ఉండేవాడు. హర్రాలో దొరికిన నున్నటి నల్లరాయి, లింగం ఆకారంలో ఉంటుంది. మిగతా రాళ్ళలాగే దానికీ ఒక గుడ్డ సంచి, సంచికి ఒక నంబరు, నంబరు కింద ఏ రాయో, ఎక్కడ దొరికిందో వివరం. సోమవారం పొద్దున దాన్ని బయటికి తీసి, రెండు చుక్కల నీళ్ళు పోసి, తుడిచి, మళ్ళీ సంచిలో పెట్టేవాడు. అది దేవుడా రాయా తేల్చమని నిలదీశాను.

"రాయి అనేది నిండు గీత," అన్నాడు సంచి మూతి బిగిస్తూ. "దేవుడు తెగిన గీత. ఒకే పటంలో రెండూ ఉంటాయి గదప్పా. నువ్వే గీస్తాండావు."

గల్ఫ్ యుద్ధానికి ముందు చలికాలం ఆయన నన్ను కూడా ఉత్తరానికి తీసుకుపోయాడు. డ్రాఫ్ట్స్‌మన్‌ను ఎడారికి తీసుకుపోయే ఆనవాయితీ లేదు. "గీసేవాడు ఒక్కసారన్నా నడవాల," అని పట్టుబట్టాడు. గుడారాలు మోయడానికి, గుర్తుకర్రలు పాతడానికి, వండడానికి కూడా రాజన్న ఒక్కడే. జగిత్యాల వైపు మనిషి. చదువు రాదు. పెద్దాయన వెంట అప్పటికి నాలుగు చలికాలాలు తిరిగాడు.

హర్రా అంచున జీపు వదిలేసి నడక మొదలుపెట్టాం. పెద్దాయన ముందు, నేను వెనక. ఆయన కుడిచేతిలో రుద్రాక్షమాల. పెదవులు కదులుతున్నాయి. ఒక గంట ఓర్చుకున్నాను. రెండో గంటకు నా సంస్కారం నన్ను ఊరుకోనివ్వలేదు.

"ఏమండీ, కంపెనీ మీకు జీతమిచ్చేది రాళ్ళు చూడడానికి. జపం ఇంటికెళ్ళాక చేసుకోవచ్చు కదా."

ఆయన ఆగాడు. వేలెత్తి నన్ను ఆగమన్నాడు. మాల వంక చూశాడు, ఆకాశం వంక చూశాడు, కళ్ళు మూసుకున్నాడు. తర్వాత చాలా నిదానంగా అన్నాడు.

"పూసకు నూరడుగులు. ముప్పై ఏడో పూసా, ముప్పై ఎనిమిదో పూసా? పోయింది. పద, మళ్ళా రాళ్ళగుట్ట కాడికి."

ఆయన దూరం కొలుస్తున్నాడు. వంద అడుగులకు ఒక పూస జరుపుతున్నాడు. వెనక్కి మైలున్నరకు పైగా ఆ కత్తుల్లాంటి రాళ్ళమీద నడిచి, గుర్తుగా పేర్చిన రాళ్ళగుట్ట దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాం. నా బూటు అడుగు ఊడింది. సాయంత్రం రాజన్న పచ్చిపులుసు పోస్తూ నన్ను ఓదార్చాడు.

"సారును నడిచేటప్పుడు పలకరియ్యొద్దు సారూ. పోయినేడు చాయ్ తాగుతరా అని అడిగిన. గంతే. మూడు కిలోమీటర్లు ఎనుకకు పట్కపోయిండు. చాయ్ గూడ తాగలే."

నేను ఓటమిని సగమే ఒప్పుకునే రకం. "మరి పెదవులెందుకు కదిలాయండీ? అంకెలు మనసులో లెక్కపెట్టుకోవచ్చుగా," అన్నాను.

"ఒకటి శివా, రెండు శివా అనుకుంటా పోతా," అన్నాడు. "లెక్కా తప్పదు, ఆయనా తప్పడు. ఈపొద్దు ఇద్దర్నీ నువ్వు తప్పిస్తివి."

ఆ పదిహేను రోజుల్లో ఆయన బండలకు చెవి ఆనించి సుత్తితో కొట్టి వినడం చూశాను. మట్టిని పంటికింద నమిలి, ఇసుక ఎంత, బంక ఎంత అని చెప్పడం చూశాను. ఎడారిలో గుడారం వేసుకున్న ఒక బద్దూ పెద్దమనిషి ఇచ్చిన ఒంటెపాలు తాగి, మాంసం పళ్ళేన్ని కళ్ళకద్దుకుని రాజన్న ముందుకు జరపడం చూశాను. పటంలో ప్రతి వేలెడు గీత వెనకా ఒక పూట నడక ఉంటుందని నా మోకాళ్ళకు తెలిసింది. తలకెక్కిందో లేదో తర్వాత చెబుతాను.

తర్వాతి ఏడు ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఉత్తరమంతా సైన్యాలతో నిండింది. మా పని ఆగిపోయింది. ఆఫీసులో సగం మంది ఊళ్ళకు పోయారు. పెద్దాయన పోలేదు. రియాద్ మీద ఇరాక్ క్షిపణులు పడే రోజుల్లో మెస్సులో ప్రతివాడూ ఒకదాన్ని కళ్ళారా చూశానన్నవాడే. గాల్లోనే కూల్చేశారని రేడియో చెప్పింది. "కూల్చినారా, కూలిందా?" అని పెద్దాయన అడిగి, తెల్లవారాక గ్యాస్ మాస్కు పెట్టె భుజాన వేసుకుని, శకలం పడ్డదన్న వీధికి వెళ్ళి, ఆ గుంట చుట్టూ అడుగులు లెక్కపెడుతుంటే పోలీసులు తరిమేశారు. వచ్చి మెస్సులో చెప్పాడు: "ఒకవైపు పదకొండడుగులు. రెండోవైపు కొలవనీలేదు." యుద్ధం గురించి ఆయన నోట నేను విన్నది అదొక్కటే.

యుద్ధం అయ్యాక వచ్చిన చలికాలం పని మళ్ళీ మొదలైంది. అయితే ఇప్పుడు ఆ నేల వేరు. సైన్యాలు పోతూ పోతూ పేలని గుండ్లు ఎక్కడెక్కడ వదిలాయో ఎవరికీ తెలియదు. అందుకని ముందు సైన్యం మనిషి నేల పరీక్షిస్తూ నడిచేవాడు. వెనక పెద్దాయన, ఆయన వెనక గుర్తుకర్రలు పాతుతూ రాజన్న. పాత గీతలన్నీ ఆయన అలా రెండోసారి నడిచాడు. దాంతో నిండు గీతకు ఇంకో అర్థం వచ్చింది. ఆ అర్థం ఏ పుస్తకంలోనూ లేదు. చదువురాని రాజన్న అప్పటికి తన కింద చేరిన పనివాళ్ళకు దాన్ని ఇలా చెప్పేవాడు: "నిండు గీత మీద సారు కాలు వడ్డది. మనం పోవచ్చు. తెగిన గీత కాడ ఆగాలె."

ఈశాన్యం మూలన, సరిహద్దు పక్క ఒక పట్టీ మిగిలిపోయింది. ఆ ఏడు సైన్యం అక్కడికి పోనివ్వలేదు. పెద్దాయన అక్కడ తెగిన గీత గీసి, తన పొడి అక్షరాలతో "నడవలేదు" అని రాసి, రాళ్ళను లాబులో పరీక్ష చేయించడానికి ధహ్రాన్ వెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళగానే మా ముదీర్ నన్ను పిలిచాడు. మేనేజరును అక్కడ అలా అంటారు. ఆ పట్టీకి సైన్యం అనుమతి అప్పుడే వచ్చింది. బోర్లు వేసే పనివాళ్ళు వారంలో పోవాలి. బల్లమీద విమానం నుంచి తీసిన ఫోటోలు పరిచాడు. తెల్లరాయి, బూడిదరంగు రాయి, మధ్యలో గీత. చీమ కూడా చూడగలిగేంత స్పష్టంగా ఉంది.

"కనిపిస్తోందా?" అన్నాడు.

కనిపిస్తోంది.

"మరి దీన్ని ముక్కలు చేయడం ఎందుకు? అతుకులేసినట్టుంటే క్లయింటు ఒప్పుకోడు. మీ పెద్దాయనది శాస్త్రమా, చాదస్తమా?"

నన్ను ఎక్కడ కొట్టాలో అతనికి తెలుసు. రాహుకాలం, రుద్రాక్షలు, గుడ్డసంచిలో దేవుడు, అన్నీ నా కళ్ళముందు వరసగా నిలబడ్డాయి. ఇదీ ఆ కోవలోదే అనుకున్నాను. ఫోటో యంత్రం తీసింది. యంత్రానికి భక్తి లేదు, అమ్మకు ఇచ్చిన మాట లేదు. ఫోటోను కాదని కాళ్ళను నమ్మడం మూఢనమ్మకం కాక ఏమిటి? నన్నెవరూ బెదిరించలేదు, ఆశపెట్టలేదు. హేతుబద్ధంగా, ఉత్సాహంగా, నా చేత్తో ఆ గీతను నింపాను. "నడవలేదు" అన్న మాటను బ్లేడుతో గీకేశాను. గీత చాలా అందంగా వచ్చింది.

పెద్దాయన ఒక మంగళవారం మూడు దాటాక తిరిగొచ్చాడు. వసారాలో గోడకు అంటించిన కొత్త పటం ముందు ఆగాడు. ఈశాన్యం మూల దగ్గర వేలు పెట్టాడు.

"దీన్ని ఎవరు నడిచినారు?"

నేను ఫోటోల గురించి మొదలుపెట్టాను. ఆయన వినలేదు.

"రాజన్న యాడుండాడు?"

"నిన్ననే వెళ్ళారు. బోరు వాళ్ళకు ముందు గుర్తుకర్రలు పాతడానికి."

రాజన్నకు నిండు గీత అంటే ఏమిటో నాకు తెలుసు. సైన్యం అనుమతి అంటే వెళ్ళమనడం మాత్రమే, వెతికి శుభ్రం చేశామనడం కాదు. అదీ తెలుసు. రెండు తెలివిడులూ నా తలలోనే ఉన్నాయి. గీసేటప్పుడు మాత్రం వాటిని కలపలేదు. వైర్‌లెస్‌లో పిలిచాం. క్యాంపు పలకలేదు.

ఆయన జీపు తాళాలు తీసుకున్నాడు. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం. అప్పుడు టైము మూడున్నర. ఎందుకన్నానో ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది, నోరు జారి "రాహుకాలం కదండీ" అన్నాను.

"నువ్వెప్పటి నుంచి నమ్ముతాండావు?" అని జీపు ఎక్కాడు. రమ్మనలేదు, వద్దనలేదు. నేనూ ఎక్కాను.

రాత్రంతా ఆయనే జీపు నడిపాడు. మర్నాడు పొద్దెక్కాక తెల్లమైదానంలో లారీ కనిపించింది. దాని దగ్గర పనివాళ్ళు చాయ్ తాగుతున్నారు. చివరి గుర్తుకర్రకు అవతల, రెండు ఫర్లాంగుల దూరంలో, భుజాన కర్రల కట్టతో రాజన్న ఒక్కడే నడుస్తున్నాడు.

పెద్దాయన జీపు హారను ఒక్కసారి, పొడుగ్గా మోగించాడు. రాజన్న వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు.

"రాజన్నా, నిలబడు," అని అరిచాడు. "కాలు తియ్యొద్దు. ఉన్నచోటే ఉండు."

రాజన్న ఉన్నచోటే శిలలా నిలబడ్డాడు. పెద్దాయన చెప్పులు విప్పాడు. దుమ్ము మీద రాజన్న అడుగులు చక్కగా పడి ఉన్నాయి. వాటిలో అడుగు వేసుకుంటూ, ఒక్కో అడుగూ చూసుకుంటూ ఆ రెండు ఫర్లాంగులూ నడిచాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. దగ్గరకు పోయి ఏదో చెప్పాడు. రాజన్న కర్రల కట్ట మెల్లగా దించాడు. ఇద్దరూ అవే అడుగుల్లో వెనక్కి వచ్చారు, ముందు రాజన్న, వెనక ఆయన. ఆ కాసేపు నేను లారీ టైరు పట్టుకుని నిలబడ్డాను. ఏ సిద్ధాంతమూ గుర్తు రాలేదు.

వచ్చాక రాజన్న చెమట తుడుచుకుంటూ అన్నది ఒకటే. "నిండు గీతనే గద సారూ. మీరు నడిచిన జాగనే గద అని పోయిన."

మూడు రోజులకు సైన్యం వాళ్ళు వచ్చి, రాజన్న ఆగిన చోటుకు కొద్ది దూరంలో ముళ్ళకంచె వేసి ఎర్రబోర్డులు పెట్టారు. లోపల గుండ్లు ఎన్ని దొరికాయో మాకు చెప్పలేదు. నేను చూడలేదు కనక ఇక్కడ అంకె రాయడం లేదు.

ఆఫీసుకొచ్చాక ఆయన నా ముందు బ్లేడు పెట్టాడు. ప్లాస్టిక్ ఫిల్మ్ మీద సిరా ఆరిపోతే చెరపడం కుదరదు, గీకాలి. నిండు గీతలో వరసగా ఖాళీలు గీకుతూ ఒక పూట కూర్చున్నాను. ఆయన పక్కన కుర్చీ వేసుకుని వేరే పని చూసుకున్నాడు. ముదీర్ వచ్చి అరిచాడు, పోయాడు. పటం తెగిన గీతతోనే అచ్చయింది.

తర్వాతి శుక్రవారం బతాలో మెస్సుకు రాజన్న కూడా వచ్చాడు. బల్ల చుట్టూ పది మందిని పోగేసుకుని కథ చెబుతున్నాడు. హారను మోత, కాలు తియ్యకుండా నిలబడటం, అన్నీ.

"నేను నిలవడ్డ గని మోకాళ్ళు నిలవడలే," అన్నాడు. అందరూ నవ్వారు. "ఒక్కటే సమజైతలేదు. గా గీత గీసినోడు ఎవడో గని, వాని చెయ్యి పట్టుకోని నాతోని గాడికి తోల్కపోవాలె. సారూ, ఎవడు గీసిండు?"

పెద్దాయన పెరుగన్నంలో నుంచి తలెత్తలేదు.

"గీసేటప్పుడు నేను ఊర్లో లేను రాజన్నా. నేను చూడలేదు," అన్నాడు.

అది నా మీద దయో, ఆయన నియమమో నాకు ఆ రోజూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. అడిగే ధైర్యం ఎప్పుడూ చేయలేదు. రాజన్న నా వైపు తిరిగాడు.

"మీరు ఆఫీసులనే ఉంటరు గద. మీకెర్కనా సారూ?"

"నేనే గీశాను, రాజన్నా. విమానం ఫోటో చూసి."

రాజన్న నన్ను పైకీ కిందికీ చూశాడు. కోపం వస్తుందని ఎదురుచూశాను, వస్తే బాగుండుననీ అనుకున్నాను. వాడి ముఖంలో ఉన్నది నిజమైన ఆశ్చర్యం.

"మీరా? దేవుణ్ణే నమ్మరు గద సారూ మీరు. మీదికెల్లి తీసిన ఫోటోను ఎట్ల నమ్మిన్రు?"

పెద్దాయనకు పొలమారింది. రాజన్న లేచి, ఆయన నెత్తిమీద తట్టి, నీళ్ళ గ్లాసు అందించాడు. తర్వాత నా పక్కన కూర్చుని, జవాబు కోసం నా ముఖంలోకి చూస్తూ ఉన్నాడు.